కూరగాయల తోఁటకు వలకప్పు

గ్రామపెద్దలారా!

పంటకుఁ గలుగు కీడులను మన పూర్వులు ఈతిబాధలని పేర్కొని, అవి ఆఱని లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగురాజులు అనునవి యా యాఱు. వీనిలోఁ బొరుగురాజుల బాధ మన కిప్పుడు లేదు. వాన మన చేతిలోనిది కాదు. ఎలుకకు బోను వేఱుగా నున్నది. ఇఁక మిగిలినవి ఱెక్కలతో నెగిరివచ్చునవి రెండు: పురుగును, పిట్టయు. ఈ రెంటిని పెరటిమడిలోనికి రానీయక యాపుటకు ఇంటనే కుట్టుకొనఁదగిన సాధన మొకటి కలదు. అదియే వలకప్పు. దానినిగూర్చియే యీ ప్రసంగము.

నేను ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండి, అందుఁ బెక్కేండ్లు అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట ప్రాంతములందు గడపినవాఁడను. నా కిప్పుడు అఱువదియాఱేండ్లు. నేను చదివినది వ్యాకరణము, కావ్యములు; వ్యవసాయశాస్త్రము కాదు. కాని కొండయూళ్లలో బడి విడిచినపిమ్మట పంతులునకు వేఱు వ్యాపక ముండదు. ఒక పలుగు, నాలుగు మళ్లు, పొరుగింటివారి మాటలు, ఇవే నాకు రెండవ బడియైనవి. ఆ బడిలో నేను చేసిన తప్పులు కూడ నిచ్చటఁ జెప్పెదను. తప్పు చెప్పని గురువువలన శిష్యునకు సగము చదువే వచ్చును.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి యీ ప్రాంతము పాడేరు ముఖ్యపట్టణముగాఁ గల అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. ఇక్కడి చలువ మైదానములకు లేదు. అందుచేతనే కొండవాలున కాఫీతోఁటలు, మెట్టపై చోళ్లు, వలిసెలు, దిగువ మళ్లలో వరి, ఇంటిచుట్టు కూరగాయలు చక్కగాఁ బెరుగుచున్నవి. భగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జలు, గదబలు, ఎవరి గూడెమునకుఁ బోయినను ఇంటిప్రక్క చిన్న కంచె, దానిలో క్యాబేజీ, టమాటా, వంగ, చిక్కుడు, మిరప కనఁబడును. ఆ పెరడు సామాన్యముగా స్త్రీల చేతిలోనిది. తిన్నది తినఁగా మిగిలినది కావడిలోనో, గంపలోనో సంతకుఁ జేరును. ఉప్పు, నూనె, పిల్లల పుస్తకములు దానినుండియే వచ్చును. సంతలో కొనువాఁడు క్యాబేజీగడ్డను చేతఁబట్టి త్రిప్పిచూచి, ఒక్క కంత కనఁబడినచో ధర సగమునకు దింపును. కావున ఆకుపై నున్న ఆ చిన్న కంత నిజమునకు ఇల్లాలి చెంగుముడికిఁ బడిన కంతయే.

ఆ కంతను జేయునది యెవరు? క్యాబేజీ, కాలీఫ్లవరు పంటలకు ముఖ్యశత్రువు డైమండు ఱెక్కల పురుగు. ఇది అంగుళములో మూఁడవవంతు పొడవుగల చిన్న బూడిదవన్నె ఱెక్కలపురుగు. ఱెక్కలు ముడిచి కూర్చుండినపుడు వీపుపై వజ్రాకృతిగల మచ్చలు వరుసగాఁ గనఁబడును గనుక ఆ పేరు వచ్చినది. ప్రొద్దు గ్రుంకినపిమ్మటనే యిది చుఱుకుగాఁ దిరుగును. ఆకుల యడుగున మిక్కిలి చిన్న గ్రుడ్లు పెట్టును. ఒక్క యాఁడుపురుగు నూటికి మించి గ్రుడ్లు పెట్టఁగలదు. కొలఁది దినములలోనే గ్రుడ్డు పగిలి ఆకుపచ్చని చిన్నపురుగు బయలుదేరి ఆకును తినును. వ్రేలితోఁ దాఁకినచో మెలికలు తిరిగి దారము విడిచి క్రిందికి వ్రేలాడును. అటుపిమ్మట ఆకునంటి సన్నని గూడు కట్టుకొని, మరల ఱెక్కలతో బయటికి వచ్చును. వెచ్చని దినములలో ఈ చక్రమంతయు రెండు మూఁడు వారములలో నొకమాఱు తిరుగును; చలిలో నింకఁ గొంత యాలస్యమగును. క్యాబేజీ మడిలో నుండు రెండు మూఁడు నెలలలో ఎన్ని తరములు పుట్టునో మీరే లెక్కింపుఁడు.

దీనిని మందుతోఁ జంపరాదా యని మీరడుగవచ్చును. చంపవచ్చును, కాని కొంతకాలమే. ఈ పురుగు మందులకు లొంగకుండుటలో నారితేఱినది. ప్రపంచమున మిక్కిలి పేరుపడిన డి.డి.టి. మందునకు జావా ద్వీపమున నిది లొంగకపోయెనని 1953 లోనే ప్రకటింపఁబడినది. హవాయి ద్వీపములలో, సూక్ష్మజీవులనుండి తయారగు బి.టి. మందునకుఁ గూడ పొలములోని యీ పురుగు లొంగుట మానినదని 1990 లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. పదే పదే ఒకే మందు చల్లినచో, చావక మిగిలిన పురుగుల సంతానమే పెరుగును. అప్పుడు రైతు మోతాదు పెంచును. పురుగు బలము పెంచుకొనును. నడుమ నష్టపడువారు సీసా కొనినవారును, ఆ కూర తినువారును. మందు చల్లిన యెన్నవనాఁడు కోయవచ్చునో సీసాపైఁ జిన్న యక్షరములలో వ్రాసియుండును. ఆ యక్షరములు చదువు తీఱిక సంతకుఁ బరుగెత్తు గంపకు లేదు. ఇది నిందకాదు, కంటఁ జూచిన మాట.

ఇఁక వలకప్పు సంగతి. ఇది పురుగును జంపదు. ఇది గ్రుడ్డు పెట్టనీయదు. ఈ రెండు వాక్యములు బాగుగా గుర్తుంచుకొన్నచో మిగిలిన ప్రసంగమంతయు మీకు స్వయముగానే బోధపడును. ఆఁడుపురుగు చీఁకటిలో ఆకును వెదకికొనుచు వచ్చును. ఆకునకును దానికిని నడుమ వల యుండినచో తిరిగిపోవును. పురుగు మందునకు లొంగకుండ నేర్చుకొనవచ్చునుగాని, తన దేహముకంటె చిన్నదైన కన్నులోనుండి దూరుట నేర్చుకొనలేదు. పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్ అను దేశమున చిన్నరైతుల క్యాబేజీ మళ్లపై దోమతెర గుడ్డ కప్పి పరీక్షించిరి. ఆ ఫలితములు 2006 లో ప్రకటింపఁబడినవి. కప్పిన మళ్లలో డైమండు ఱెక్కల పురుగు మిక్కిలి తగ్గెనని తేలినది. ఆ రైతులును మనవలెనే చిన్న కమతములవారు, చేతిలో డబ్బు తక్కువవారు. కావున వారి యనుభవము మనకుఁ బనికివచ్చును.

అన్ని వలలు నొక్కటి కావు. వలలో ముఖ్యమైనది కన్ను, అనఁగా దారములనడుమ నుండు రంధ్రము. మామూలు దోమతెర గుడ్డలో అంగుళమునకు ఇంచుమించు పండ్రెండు కన్నులుండును. ఇది డైమండు ఱెక్కల పురుగును, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దెపురుగులకుఁ దల్లులైన ఱెక్కలపురుగులను, వంగలో కొమ్మయుఁ గాయయుఁ దొలుచు పురుగునకుఁ దల్లియైన ఱెక్కలపురుగును, గుమ్మడిజాతిపైఁ బడు పెంకుపురుగును, పండుఈఁగను ఆపఁగలదు. పిట్టలను సరేసరి. మీరు చేతఁబట్టిన గుడ్డ తగినదో కాదో తెలిసికొనుటకుఁ గొలబద్ద యక్కఱలేదు. నాలుగు చోడిగింజలు దానిపైఁ బోసి కదపుఁడు. గింజలు నిలిచినచో నీ పురుగులకు ఆ గుడ్డ చాలును. 

కాని తెల్లదోమ వేఱు. దాని దేహము పొడవున ఒక మిల్లీమీటరు. వెడల్పున నింకను చిన్నది. టమాటాలో ఆకుముడత తెగులును, బెండలో పల్లాకు తెగులును మొక్కనుండి మొక్కకు మోయునది యిదియే. దోమతెర దానికి సింహద్వారమువంటిది. దీని నాపుటకు అంగుళమునకు 40 మొదలు 50 కన్నులుగల నైలాను వల కావలెను. అంగళ్లలో 40 మెష్, 50 మెష్ అని యడిగిన నిత్తురు. ఇంత సన్ననికన్ను వలను మడియంతటికిఁ గప్పుటకు ఖర్చెక్కువ. గాలియు తక్కువగా నాడును. కావున నారుమడికిమాత్రము కప్పుట యుక్తము. లేఁతమొక్కకు సోఁకిన తెగులు ముదురుమొక్కకు సోఁకినదానికంటె నెక్కువ నష్టము చేయును. నారు ఆరోగ్యముగా మడిదాఁటినచో సగము యుద్ధము గెలిచినట్లే. మిరపలోని తామరపురుగులు మాత్ర మంతకంటెను సన్ననివి. ఈ వలలు వానికి పూర్తియైన యడ్డు కావు.

కప్పు చేయు విధము చెప్పెదను. మడి మూఁడడుగుల వెడల్పు, పదియడుగుల పొడవు ఉండవలెను. మూఁడడుగులైనచో ఇరుప్రక్కలనుండియు చేయి యందును. పచ్చివెదురును బద్దలుగాఁ జీల్చి, అంచుల పేడులు కత్తితో నున్నగా గీఁకవలెను; లేనిచో వల చినుఁగును. ఒక్కొక్క బద్దను విల్లువలె వంచి, రెండుకొనలు మడి యిరుప్రక్కల జేనెడులోఁతు గ్రుచ్చవలెను. విల్లు నడుమ నేలనుండి రెండడుగుల యెత్తుండవలెను. మూఁడడుగుల కొక విల్లు చొప్పున పదియడుగుల మడికి నాలుగు విల్లులు చాలును. వానినన్నిటిని కలుపుచు పైన నొక నిలువుబద్ద వేసి అడ్డతీఁగ నారతోఁ గట్టవలెను. అడ్డాకు కోసికొను మన కొండలలో ఆ నారకుఁ గొదవలేదు. ఇనుపతీఁగవలె వలను గోయదు.

ఇఁక గుడ్డలెక్క. విల్లుపై నిటునుండి యటు కొలిచినచో ఇంచుమించు ఐదున్నర యడుగులు వచ్చును. ఇరుప్రక్కల మట్టిలోఁ బూడ్చుటకు అడుగు చొప్పున చేర్చినచో ఏడున్నర యడుగులు. పొడవున పదియడుగులకు రెండుకొనలయందు మూఁడేసి యడుగులు చేర్చినచో పదునాఱడుగులు. చీర వెడల్పు ఇంచుమించు మూడుముప్పాతిక యడుగులు గనుక రెండుచీరలు అంచుకంచు చేర్చి కుట్టినచో సరిగా నీ కొలఁత వచ్చును. పలుచని ప్రాత నూలుచీరలు నారుమడికిఁ గొన్నిదినములు పనికివచ్చును. కాని గుడ్డ దట్టమైనచో వెలుతురు తగ్గి నారు పాలిపోయి సన్నగా సాఁగును. కావున పెరుగుచున్న పంటకు వలగుడ్డయే తగినది. కుట్టు జంటకుట్టుగా నుండవలెను. కుట్టుసందున నొక్క యంగుళము విడిచినను పురుగునకు రాజమార్గమే.

కప్పినపిమ్మట అంచులను మడిచుట్టు జేనెడు కాలువ త్రవ్వి మట్టితోఁ బూడ్చవలెను. ఒక్కప్రక్క మాత్రము మట్టికి బదులు రాళ్లు పేర్చినచో, కలుపు తీయుటకు ఆ ప్రక్కనే యెత్తవచ్చును. వల ఆకులను తాఁకరాదు. ఇది మఱవకుఁడు. ఆకు వలనంటుకొన్నచోట ఆఁడుపురుగు వలపైఁ గూర్చుండియే కన్నులోనుండి గ్రుడ్డు పెట్టఁగలదు. మొక్క యెదిగినకొలఁది విల్లు నెత్తు చేయుటగాని, అంచునాఁటిన మొక్కలను జేనెడు లోపలికి నాఁటుటగాని చేయవలెను. నీరు వలపైనుండియే చల్లవచ్చును.

ఇచ్చట నా తప్పు చెప్పవలెను. మొదటియేఁట నేను క్యాబేజీనారు నాఁటి, వలగుడ్డ దొరకుట యాలస్యము కాఁగా పదునైదవనాఁడు కప్పితిని. కప్పితినిగదా యని నిశ్చింతగా నుంటిని. మూఁడు వారములకు తెఱచిచూడఁగా ప్రక్కయింటి వల లేని మడికంటె నా మడి యధ్వాన్నముగా నుండెను. ఆకులు జల్లెళ్లైనవి. ప్రక్కయింటి ముసలమ్మ నవ్వి, “పంతులుగారూ, కోడిని గంప క్రింద మూసితి ననుకొని పిల్లిని మూసితిరి” అనెను. ఆమె మాట యథార్థము. నేను కప్పకమునుపే పురుగు గ్రుడ్లు పెట్టిపోయినది. నా వల వానికిఁ గోటయైనది. బయటి మడిలో పిట్టలు, కందిరీఁగలు, సాలెపురుగులు కొంతలోఁ గొంత పురుగును తినుచుండెను. నా మడిలోనికి వానికి దారి లేదు. శత్రువు లోపల నుండఁగా తలుపు మూయుట కోటను కాపాడుట కాదు. శత్రువునకు కాపలా కాయుట.

కావున కప్పు వేయు కాలము కన్నుకంటె ముఖ్యమైనది. విత్తు చల్లిననాఁడే నారుమడికిఁ గప్పవలెను. నారు పెరికి నాఁటిననాఁడే, ప్రొద్దుగ్రుంకకమునుపే, పెద్దమడికిఁ గప్పవలెను. నాఁటుటకుముందు ప్రతి నారుమొక్కను తిరగవేసి ఆకుల యడుగు చూడవలెను. గ్రుడ్లుగాని పురుగుగాని యున్న మొక్కను విడువవలెను. కిందటిపంట మోళ్లు, కలుపు, రాలుటాకులు తీసివేయవలెను. పండుఈఁగ, శనగపచ్చ పురుగు మొదలగునవి మట్టిలోఁ గోశస్థదశలో నిదురించును గనుక, కిందటిమాఱు కాకర వేసిన మడిలో మరల ఆ జాతినే వేసి వల కప్పినచో, లోపలనే లేచును. పంట మార్చుఁడు. వారమున కొకమాఱు పట్టపగలు ఒక్కప్రక్క నెత్తి కలుపుదీసి, ఆకులడుగు చూచి, చాలించిన వెంటనే మూయుఁడు. సాయంకాలము తెఱచియుంచుట మాత్రము కూడదు. పురుగు తిరుగు వేళ యదియే.

పేనుబంక లోపలఁ బుట్టినచో వలను కొన్ని పగళ్లు తీసియుంచుఁడు. దానిని తిను పెంకుపురుగులు వచ్చి చేరును. మచ్చల పెంకుపురుగులలో రెండుజాతులు కలవు. నిగనిగలాడు ఎఱుపు లేదా నారింజవన్నె చిన్నది మనకు మిత్రము. అది పేనుబంకను తినును. మసకరాగివన్నెతో, పైన సన్నని నూఁగుతో, వంగాకును గీఁకి తిను అక్షింతల పురుగు శత్రువు. మిత్రుని జంపి శత్రువును విడువకుండునట్లు పిల్లలకు ఈ భేదము చూపుఁడు.

ఏ పంటకు వల తీయవలెను, ఏ పంటకుఁ దీయనక్కఱలేదు అనునది మఱియొక ముఖ్యవిషయము. క్యాబేజీ, కాలీఫ్లవరు, పాలకూర, ముల్లంగి మొదలగువానిని మనము పూఁతకు రాకమునుపే తినెదము. వానిని కోఁతవఱకు కప్పియుంచవచ్చును. టమాటా, వంగ, బీన్సు తమ పూవులోఁ దామే గర్భము ధరించునవి. ఉదయమున ఊఁతకఱ్ఱను మెల్లగాఁ గదిపిన చాలును. కాని గుమ్మడి, దోస, కాకర, ఆనప, బీరలందు ఆఁడుపూవు వేఱు, మగపూవు వేఱు. ఒకదానినుండి యొకదానికి పుప్పొడిని తేనెటీఁగగాని మఱియొక పురుగుగాని మోయవలెను. మూసియుంచినచో పూవు పూయును, పిందె కుళ్లి రాలును. గుమ్మడి, దోస ఉదయమున విచ్చును. అప్పుడు వల తీసి, పిమ్మట మూయవచ్చును. బీర, ఆనప సాయంకాలమున విచ్చును. ప్రొద్దుగ్రుంకు వేళ మూయుఁడని చెప్పిన నా మాట ఆ రెంటికి వర్తింపదు. వానికి పందిరంతయుఁ గప్పుట మాని, పిందె నిలిచినపిమ్మట ఒక్కొక్క పిందెకు వలగుడ్డ సంచి తొడిగి మూతి కట్టుట మంచిది. పండుఈఁగ గ్రుడ్డు పెట్టునది పిందెలోనే గదా! వలిసెపూల తేనెనిచ్చు ఈఁగలు మన లోయకు భాగ్యము. వానికి ద్వారము మూయని వలయే మంచి వల.

వలకు చేతఁగానివి కూడఁ జెప్పుట ధర్మము. నత్తను, వేరుకుళ్లును, ఎండుతెగులును వల యాపదు. కోఁతి దానిని లెక్కచేయదు. జడివానల మాసములలో వలక్రింద గాలి తగ్గి తడి నిలిచి ఆకుమచ్చ తెగుళ్లు పెరుగవచ్చును. అప్పుడు మొక్కలు దూరముగా నాఁటి, ఎండకాచిన పగళ్లు వల నెత్తి, సాయంకాలము దించుఁడు. వానలు వెనుకఁబట్టిన పిమ్మటి చలికాలపు పంటకే వల మిక్కిలి యనుకూలము. పంట ముగిసినపిమ్మట వలను ఉదికి, నీడలో ఆరవేసి, ఎలుక కందనిచోట వ్రేలఁగట్టుఁడు. ఎండలో విడిచిన నైలాను త్వరలో చీలికలగును. చినిఁగిన ముక్కలను గెడ్డలోఁ బాఱవేయరాదు.

వల కొనలేనివారికి, పెద్దచేను గలవారికి వేఱొక యుపాయము కలదు. బెంగుళూరులోని భారతీయ ఉద్యానపరిశోధన సంస్థవారు సూచించినది. ప్రతి 25 సాళ్ల క్యాబేజీకి రెండుసాళ్ల ఆవాలు వేయవలెను. ఒక సాలు క్యాబేజీ నాఁటుటకు పదునైదు దినములముందు, రెండవది నాఁటిన ఇరువదియైదు దినములకు విత్తవలెను. డైమండు ఱెక్కల పురుగు క్యాబేజీకంటె ఆవమొక్కనే కోరి గ్రుడ్లు పెట్టును. ఆ సాళ్లపైఁ జేరిన పురుగును అచ్చటనే నాశము చేయవచ్చును. ఊరిలోఁ గొందఱు వలయు, కొందఱు ఆవసాళ్లును బెట్టినచో నొకరి కొకరు తోడగుదురు.

ఇఁక నీ ప్రసంగమున మీరు మఱవక తీసికొనిపోవలసిన మాట. కొన్నియేండ్లక్రింద ఒక గూడెమున క్యాబేజీమడిపై తళతళలాడు క్రొత్త దోమతెర చూచితిని. గూడెపు నాయుఁడుగారు సంతోషముతో, “చూచితిరా, పంతులుగారూ! గవర్నమెంటువారు ఊరక యిచ్చినది. మందు కూడ దారములోనే యున్నదఁట. ఇంతకంటె మంచివల యెక్కడ దొరకును?” అనిరి. అరుగుపై వారి మనుమఁడు రెండు దుప్పట్లు కప్పుకొని వణఁకుచుండెను. రక్తపరీక్షలో మలేరియా యని తేలినది. మందులతో బాలునకు నయమైనది. తెర లేని రాత్రులే దానికిఁ గారణమని నేను నిరూపింపలేను. కాని ఆ తెర కావలి కాయవలసినది గడ్డను కాదు, బిడ్డను అని నాయుఁడుగారే గ్రహించిరి. ఆ సాయంకాలమే తెర యింటిలోనికి వచ్చినది. మడికి సంతనుండి వేఱొక వలగుడ్డ వచ్చినది.

మలేరియా క్రిమి దోమదేహములోఁ బెరుగునని రొనాల్డు రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన కనుఁగొన్నది మన తెలుఁగునాఁటి సికింద్రాబాదులోనే. ఆ జ్వరము మన మన్యమునకు తరతరాల శత్రువు. పురుగు తిన్న క్యాబేజీని మరల నాఁటవచ్చును. కావున రెండు నియమములు చెప్పుచున్నాను. ఒకటి: పడకపై వేయుటకు ఆరోగ్యశాఖవా రిచ్చిన మందుతెర పడకపైననే యుండవలెను. ఆ మందు దోమకొఱకు కూర్పఁబడినది. మనము తిను కూరకొఱకు కాదు. రెండు: ఆ తెరను గెడ్డలో, చెఱువులో ఉదుకరాదు, ఆ మందు చేపలకు విషము. చినిఁగి పనికిరానిదైనపుడు దానినేమి చేయవలెనో ఆరోగ్యకార్యకర్త నడిగి చేయుఁడు. మడివల వేఱు, పడకతెర వేఱు. రెండును జాలరివలలవలె కనఁబడినను, వాని ధర్మములు వేఱు.

పెద్దలారా! మీరు ఊరివారి నందఱను ఒక్కమాఱుగా వల కొనుఁడని నిర్బంధింపవలదు. ఈ చలికాలమున ఊరిలో నొక్క పెరటిలో రెండుమళ్లు, ఒకేనాఁడు, ఒకే నారుతో వేయింపుఁడు. ఒకదానికి నాఁటిననాఁడే వల కప్పుఁడు, రెండవదానిని విడువుఁడు. ప్రతివారము ఒక్కొక్క మడిలో పదిమొక్కల యాకులు త్రిప్పి పురుగులను లెక్కించి, బడిపిల్లలచేత గోడపై వ్రాయింపుఁడు. పెరడు దున్నువారు స్త్రీలు గనుక ఆ లెక్కచూచి నిర్ణయింపవలసినవారును వారే. సందేహములున్నచో చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయపరిశోధన స్థానమువారినిగాని, మీ యూరి ఉద్యానశాఖ సహాయకునిగాని యడుగుఁడు. గోడపైని అంకెలు నా ప్రసంగముకంటె బాగుగా మాటలాడును.

రేపు సంతలో కొనువాఁడు గడ్డను త్రిప్పి త్రిప్పి చూచి, కంత కానరాక, నోరెత్తక సరియైన ధర యిచ్చుఁగాక. ఆ రాత్రి మీ యింట బిడ్డలు తమ తెరలో సుఖముగా నిదురింతురుఁగాక.

సెలవు.